నెట్ జీరో లెక్కలో వాడ ఎక్కడ? ముండ్లమూరు లాంటి పంచాయతీలకు ఒక కరదీపిక

2070 నాటికి దేశం నెట్ జీరో సాధిస్తుందని 2021 నవంబరులో గ్లాస్గో కాప్-26 సదస్సులో ప్రధాని ప్రకటించారు. ఆ మాట ఢిల్లీ నుంచి రాష్ట్రాలకు, రాష్ట్రాల నుంచి జిల్లాలకు, ఇప్పుడు పంచాయతీలకు దిగివస్తోంది. సోలార్ గ్రామం, హరిత పంచాయతీ, కార్బన్ రహిత గ్రామం అంటూ పేరు రకరకాలుగా వినిపించినా పశ్చిమ ప్రకాశంలో అది ముందుగా వెతుక్కుంటూ వచ్చేది భూమిని. ముండ్లమూరు, దర్శి, పొదిలి, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో బీడు, బంజరు అని రికార్డుల్లో రాసిన భూమికి కొదవ లేదు. ఆ రాతల వెనుక ఎవరి గొర్రెలు మేస్తున్నాయి, ఎవరి డీకేటీ పట్టా ఉంది, ఎవరి శ్మశానం ఉంది అన్నది రికార్డు చెప్పదు.

2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ప్రకాశం జిల్లా జనాభాలో ఎస్సీలు దాదాపు 23 శాతం. దేశం మొత్తం మీద చూస్తే, 2015–16 వ్యవసాయ గణన ప్రకారం సాగు విస్తీర్ణంలో ఎస్సీల చేతిలో ఉన్నది 9 శాతం లోపే. అంటే వాతావరణం వేడెక్కడానికి తక్కువ కారణమైన వాళ్లే మండుటెండలో మిరపకోతకు, ఉపాధి పనికి పోతున్నారు. కాలుష్యం తగ్గించే పథకాలకు కావలసిన కాస్త భూమి కూడా వాళ్ల దగ్గరి నుంచే పోయే ప్రమాదం ఉంది. కాబట్టి పంచాయతీ నెట్ జీరో ప్రణాళికలో వాడ చివరి అధ్యాయం కాకూడదు. లెక్క అక్కడి నుంచే మొదలు కావాలి. అది ఎలాగో ఈ వ్యాసం వివరిస్తుంది.

నెట్ జీరో అంటే ఏమిటి?

ఒక ప్రాంతం నుంచి ఏడాదిలో గాలిలోకి పోయే కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ లాంటి వాయువులను వీలైనంత తగ్గించి, తగ్గించలేని మిగులును చెట్లు, నేల పీల్చుకునేలా చూడటమే నెట్ జీరో. తెలుగులో నికర సున్నా అంటున్నారు. భూతాపాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపాలంటే ప్రపంచమంతా 2050 ప్రాంతానికి కార్బన్ డయాక్సైడ్ విషయంలో ఈ స్థితికి చేరాలని ఐపీసీసీ 2018 నివేదిక చెప్పింది.

ఇందులో రెండు పద్దులు ఉన్నాయి. మొదటిది తగ్గించడం, రెండోది పీల్చుకోవడం. మొదటి పద్దు కష్టం, ఎందుకంటే అది వాడకాన్ని ముట్టుకుంటుంది. రెండో పద్దు కాగితం మీద సులువు. ఖాళీ జాగా చూపించి మొక్కలు నాటితే చాలనిపిస్తుంది. కానీ ఒక ఎకరం చెట్లు ఏడాదికి పీల్చుకునేది కొన్ని టన్నులే. పైగా ప్రకాశం జిల్లాలో విస్తారంగా వేసే సుబాబుల్, జామాయిల్ తోటలను కొన్నేళ్లకే నరికి కాగితం మిల్లులకు పంపుతారు. ఆ కార్బన్ శాశ్వతంగా నేలలో దాగినట్టు రాసుకోవడం సరికాదు. మొదటి పద్దు వదిలేసి రెండోదాన్ని పట్టుకున్న పంచాయతీ నెట్ జీరోకు చేరదు. మధ్యలో పేదల భూమి మాత్రం పోతుంది.

ముండ్లమూరు లాంటి మండలంలో కాలుష్యం ఎక్కడిది?

దర్శి, అద్దంకి మధ్య ఉన్న ఈ మండలంలో కొంత భాగానికి సాగర్ కుడికాలువ నీరు అందుతుంది. అందని చోట బోరే దిక్కు. పెద్ద ఫ్యాక్టరీ పొగగొట్టాలు లేని ఇలాంటి చోట ఉద్గారాలు ఇలా వస్తాయి:

- వ్యవసాయ మోటార్లు, తాగునీటి మోటార్లు, వీధిదీపాలు, ఇళ్ల కరెంటు. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.
- ట్రాక్టర్లు, లారీలు, ఆటోలు, కార్లు. లీటరు డీజిల్‌కు సుమారు 2.7 కిలోలు.
- యూరియా తదితర నత్రజని ఎరువులు. వీటి నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడి పుట్టిస్తుంది.
- కాలువ కింద వరి మడులు, గేదెలు, కుళ్లే చెత్త. వీటి నుంచి మీథేన్ వస్తుంది. దాని ప్రభావం వందేళ్ల లెక్కన సుమారు 28 రెట్లు.
- పొగాకు బ్యారన్లు. వర్జీనియా పొగాకు కిలో ఆకు కాల్చడానికి కిలోల కొద్దీ కట్టెలు కావాలి.
- పొలాల్లో తగలబెట్టే మిరప కట్టె, పత్తి కట్టె. ఊరి చివర తగలబెట్టే చెత్త.
- వంటపొయ్యి. 14.2 కిలోల గ్యాస్ బండ కాలితే సుమారు 42 కిలోలు. కట్టెల పొయ్యి అయితే వాతావరణం కంటే ముందు ఆడవాళ్ల ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

తలసరి లెక్క దాచే నిజం

మొత్తం ఉద్గారాలను జనాభాతో భాగించి మనిషికి ఇంత అని చెప్పడం అలవాటు. అన్ని ఉద్గారాలనూ ఒకేలా లెక్కించడాన్ని 1991లోనే అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ప్రపంచ స్థాయిలో ప్రశ్నించారు. పేద దేశాల రైతు వరి మడి నుంచి వచ్చే మీథేన్‌ను, ధనిక దేశాల కార్ల నుంచి వచ్చే పొగను ఒకే గాటన కట్టవద్దని వారు వాదించారు. బతకడానికి తప్పని ఉద్గారాలు వేరు, సౌఖ్యం కోసం చేసేవి వేరు. ఇదే ప్రశ్నను మనం ఊరి లోపలికి తీసుకురావాలి.

ఉదాహరణకు ఒక చిన్న లెక్క వేద్దాం. నెలకు 60 యూనిట్లు వాడే ఎస్సీ కాలనీ ఇంటికి ఏడాదికి 720 యూనిట్లు, అంటే సుమారు అర టన్ను. అయిదు హార్స్‌పవర్ మోటారు రోజుకు 9 గంటల చొప్పున 120 రోజులు నడిస్తే సుమారు 4,000 యూనిట్లు, అంటే 2.8 టన్నులు. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగే డీజిల్ కారు, లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చినా, 1.8 టన్నులు. ఒక మోటారు అయిదారు ఇళ్లతో, ఒక కారు మూడున్నర ఇళ్లతో సమానం.

ఈ లెక్క రైతును దోషిగా నిలబెట్టడానికి కాదు. ఆ మోటారు పండించే పంటను అందరం తింటాం. తగ్గింపు భారాన్ని ఎక్కడ మోపాలో తేల్చుకోవడానికి ఇది కావాలి. వాడలో ఇంకా ఫ్యాను లేని ఇల్లు, ఫ్రిజ్ లేని ఇల్లు ఉంటే వాటి వాడకం పెరగడమే న్యాయం. పంచాయతీ ప్రణాళికలో ఆ పెరుగుదలకు ముందే చోటు వదలాలి. వాడ ఉద్గారాలు కొంత పెరిగినా ఊరి మొత్తం తగ్గాలి. న్యాయమైన నెట్ జీరో అంటే ఇదే.

చట్టం పంచాయతీకి ఏం ఇచ్చింది?

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, 243జి అధికరణం కింద పదకొండో షెడ్యూలులో 29 అంశాలను పంచాయతీల పరిధిలో చేర్చింది. వాటిలో చిన్న నీటిపారుదల, వాటర్‌షెడ్‌లు, సామాజిక అడవులు, తాగునీరు, ఇంధనం, పశుగ్రాసం, గ్రామీణ విద్యుదీకరణ, సంప్రదాయేతర ఇంధన వనరులు ఉన్నాయి. అదే జాబితాలో షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమం కూడా ఉంది. అంటే సోలార్, చెట్లు, నీళ్లు, ఎస్సీల హక్కు అన్నీ ఒకే జాబితాలోని పనులు. ఒకదాని పేరు చెప్పి మరొకదాన్ని పక్కన పెట్టడానికి రాజ్యాంగం ఆస్కారం ఇవ్వలేదు.

ఏటా అక్టోబరు 2న మొదలయ్యే ప్రజా ప్రణాళిక ప్రచారంలో ప్రతి పంచాయతీ గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను స్థానికంగా 9 ఇతివృత్తాలుగా విభజించారు. అందులో అయిదోది పరిశుభ్రమైన, పచ్చని గ్రామం. నెట్ జీరో పనులన్నీ ఇక్కడ చేర్చవచ్చు. ఆమోదించిన ప్రణాళిక ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో అందరికీ కనిపిస్తుంది. విద్యార్థులు, కార్యకర్తలు తమ పంచాయతీ పేరు కొట్టి ఏ పనికి ఎంత రాశారో, వాడలో ఎంత ఖర్చు పెట్టారో చూడవచ్చు. మిగతాది సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

అయితే అధికారం పంచాయతీ చేతికి రాగానే న్యాయం దానంతట అదే జరగదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ప్రసంగిస్తూ డాక్టర్ అంబేడ్కర్ గ్రామాన్ని ఆదర్శంగా కొలవడాన్ని నిశితంగా విమర్శించారు. అదే అంబేడ్కర్ 1942–46 మధ్య వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా దేశ విద్యుత్, నీటి విధానాలకు పునాది వేసిన వారిలో ఒకరు. ఆధునిక విద్యుత్తు అందరికీ అందాలి, కానీ ఊరి పెత్తనానికి దాన్ని వదిలేయకూడదు. ఈ రెండు పాఠాలూ నెట్ జీరోకు కావాలి.

ఈ హెచ్చరిక మన జిల్లాకు కొత్తేమీ కాదు. 1985 జులై 17న నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగిన దళితుల ఊచకోత, మాదిగపల్లె తాగునీటి చెరువును మురికి చేయడం మీద లేచిన అభ్యంతరంతో మొదలైంది. చెరువు, గాలి, నేల ఎవరివి అన్న ప్రశ్నను మన దగ్గర కులం నుంచి విడదీయలేం.

ముందు నడిచిన పంచాయతీలు

*ఓడంతురై, తమిళనాడు.* కోయంబత్తూరు జిల్లాలోని ఈ పంచాయతీ 2006లో సుమారు 1.55 కోట్ల రూపాయలతో 350 కిలోవాట్ల గాలిమరను సొంతంగా కొన్నది. పంచాయతీ పొదుపు, బ్యాంకు అప్పు కలిపి ఆ డబ్బు సమకూర్చుకుంది. తన అవసరాలకు పోను మిగిలిన కరెంటును విద్యుత్ బోర్డుకు అమ్మింది. ఇక్కడ మనం గమనించాల్సింది యాజమాన్యం. స్థలం లీజుకిచ్చి పక్కకు తప్పుకోలేదు, యంత్రమే పంచాయతీది.

*మీనంగాడి, కేరళ.* వయనాడ్ జిల్లాలోని ఈ పంచాయతీ 2016లో కార్బన్ సమతుల్య కార్యక్రమం మొదలుపెట్టింది. ముందు ఉద్గారాల లెక్క తీసింది. తర్వాత చెట్ల బ్యాంకు పథకం తెచ్చింది. తన పొలంలో చెట్టు నాటి నరక్కుండా పెంచే రైతుకు ఒక్కో చెట్టుకు ఏడాదికి 50 రూపాయల చొప్పున పదేళ్లు వడ్డీ లేని అప్పు ఇస్తారు. చెట్టు కొట్టనంతకాలం అప్పు తీర్చనక్కర్లేదు. మంచి ఆలోచనే. కానీ మన దగ్గర యథాతథంగా పెడితే భూమి ఉన్నవారికే డబ్బు వెళ్తుంది. భూమి లేని కుటుంబాలకు చెరువు గట్టు, రోడ్డు పక్క చెట్ల మీద ఫలసాయం హక్కు రాసిచ్చినప్పుడే ఇక్కడ అది న్యాయం అవుతుంది.

*పల్లి, జమ్మూ.* సాంబా జిల్లాలోని ఈ పంచాయతీలో 2022 ఏప్రిల్ 24న 500 కిలోవాట్ల సోలార్ ప్లాంటును ప్రధాని ప్రారంభించారు. దేశంలో తొలి కార్బన్ న్యూట్రల్ పంచాయతీగా దాన్ని ప్రకటించారు. ఒక ప్లాంటుతో కరెంటు పద్దు మాత్రమే తీరుతుందని మన వాళ్లు గుర్తుంచుకోవాలి. పొలం, పశువులు, రవాణా అలాగే ఉంటాయి.

*పస్తాపూర్, తెలంగాణ.* ఇది పంచాయతీ కాదు, ఆడవాళ్ల సంఘాల ఉదాహరణ. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళలు బీడు పడిన మెట్ట భూములను సాగులోకి తెచ్చారు. రసాయన ఎరువులు లేకుండా జొన్న, కొర్ర, కంది కలిపి పండించారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. బీడు భూమి కంపెనీకి కాకుండా దళిత స్త్రీల చేతికి పోతే వాతావరణానికీ కడుపుకూ మేలు జరుగుతుందని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం లేదు.

పంచాయతీ మొదలుపెట్టగల ఆరు పనులు

1. వాడవారీగా లెక్క. గ్రామ సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంట్, వ్యవసాయ, ఇంజనీరింగ్ అసిస్టెంట్ల సాయంతో ఒక నెలలో ఉద్గారాల ప్రాథమిక లెక్క తీయవచ్చు. కరెంటు యూనిట్లు, డీజిల్, ఎరువు బస్తాలు, గ్యాస్ బండలు, బ్యారన్లు, పశువులు లెక్కలోకి రావాలి. ఊరికి ఒక వరస, వాడకు ఒక వరస విడిగా రాయాలి. ఎవరికి మీటరు లేదు, ఎవరికి గ్యాస్ లేదు, ఎవరికి పక్కా కప్పు లేదు అన్నది కూడా రాయాలి. డిగ్రీ చదివే వాడ పిల్లలు ఈ సర్వేలో ఉంటే లెక్క నిజంగా ఉంటుంది.

2. పంచాయతీ సొంత కరెంటు. వీధిదీపాలు, నీటి మోటార్ల బిల్లులు పంచాయతీ మెడ మీద కత్తి. ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిలకు మళ్లించారంటూ మన సర్పంచులు రాష్ట్రమంతటా ఆందోళన చేసిన సంగతి తెలిసిందే. ఏడున్నర హార్స్‌పవర్ నీటి మోటారు రోజుకు 6 గంటలు నడిస్తే ఏడాదికి సుమారు 12 వేల యూనిట్లు. 10 కిలోవాట్ల సోలార్ ప్లాంటు ఏడాదికి దాదాపు 14 వేల యూనిట్లు ఇస్తుంది. బడి కప్పు, పంచాయతీ ఆఫీసు కప్పు చాలు, ఎవరి పొలమూ అక్కర్లేదు. అలాగే 100 వీధిదీపాల్లో ఒక్కోదానికి 30 వాట్లు తగ్గించే ఎల్ఈడీలు వేస్తే, రోజుకు 11 గంటల లెక్కన ఏడాదికి 12 వేల యూనిట్లు, అంటే ఎనిమిది టన్నులకు పైగా మిగులుతుంది. దీపాలు మార్చేటప్పుడు వాడలోని చివరి స్తంభం నుంచి మొదలుపెట్టాలి.

3. వాడ కప్పుల మీద సోలార్. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేలు, మూడు కిలోవాట్లకు గరిష్ఠంగా 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. నెలకు 200 యూనిట్లలోపు వాడే ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల సోలార్ ఉచితంగా పెడతామని, 20 లక్షల ఇళ్లు లక్ష్యమని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అడ్డంకులు కాగితాల్లో ఉన్నాయి. మీటరు చనిపోయిన తండ్రి పేరున ఉంటుంది. ఇంటి స్థలం పట్టా అత్త పేరున ఉంటుంది. ఒకే మీటరు మీద మూడు కాపురాలు ఉంటాయి. రేకుల ఇంటికి 200 చదరపు అడుగుల గట్టి కప్పు ఉండదు. పంచాయతీ చేయాల్సిన పని మీటర్ల పేరు మార్పిడికి వాడలోనే శిబిరం పెట్టడం, కప్పు లేని ఇళ్లకు కమ్యూనిటీ హాలు మీదో, కాలనీ ఉమ్మడి స్థలంలోనో ప్లాంటు పెట్టి వాటా పంచడం. ఇప్పుడున్న 200 ఉచిత యూనిట్ల హామీ సోలార్ వచ్చాక కూడా ఉంటుందా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

4. పొలం, బ్యారను. పంచాయతీ ఎరువులను నిషేధించలేదు, కానీ దారి చూపగలదు. రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యాన్ని ప్రోత్సహిస్తోంది. కాలువ కింద వరిలో నీరు నిత్యం నిలపకుండా తడిపి ఆరబెట్టే పద్ధతి పాటిస్తే మీథేన్ తగ్గుతుంది. మిరప కట్టెను తగలబెట్టకుండా ముక్కలు చేసి నేలకు కలిపే యంత్రాన్ని పంచాయతీ ఉమ్మడిగా తెప్పించవచ్చు. బ్యారన్ల పైకప్పు నుంచి వేడి పోకుండా కప్పు వేస్తే కట్టెలు తగ్గుతాయి, పొయ్యి దగ్గర రాత్రంతా కాపలా ఉండే కూలీకి శ్రమ తగ్గుతుంది. కౌలుదారులు, అందులో ఎక్కువమంది ఎస్సీ, బీసీలు, ఈ సాయానికి అర్హులని తీర్మానంలో రాయాలి. లేకపోతే యజమాని పేరు మీదే అన్నీ పోతాయి.

5. చెత్త, చెత్త ఎత్తే చేతులు. తడి చెత్తను వేరుచేసి ఎరువు చేస్తే మీథేన్ పుట్టదు. ఊరూరా చెత్త నుంచి సంపద కేంద్రాల షెడ్లు కట్టారు. దర్శి, గిద్దలూరు నగర పంచాయతీలకు, మార్కాపురం మున్సిపాలిటీకి కూడా ఇదే పెద్ద పని. ఈ పని చేసేది ఎవరు? పారిశుద్ధ్య కార్మికులకు గ్రీన్ అంబాసిడర్లు అని పేరు పెట్టాం. ఆ అంబాసిడర్లు జీతం బకాయిల కోసం ధర్నాలు చేయడం తరచూ చూస్తూనే ఉన్నాం. కనీస వేతనం, చేతి తొడుగులు, బీమా లేని నెట్ జీరో కులవృత్తికి కొత్త పేరు మాత్రమే. ఎరువు అమ్మిన డబ్బులో కార్మికులకు వాటా ఉండాలి, చెత్త పని ఒకే కులం నెత్తిన పడకూడదు.

6. వంట, నీడ, నీళ్లు. 2024 నవంబరు నుంచి దీపం-2 కింద రాష్ట్రంలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఇస్తున్నారు. కనెక్షన్ లేని ఇళ్ల జాబితా పంచాయతీ దగ్గర ఉండాలి. ఇళ్ల కప్పులకు తెల్ల సున్నం వేస్తే లోపలి వేడి తగ్గుతుంది. ఉపాధి పని జరిగే చోట నీడ, నీళ్లు తప్పనిసరి. ఫ్లోరైడ్ పీడిస్తున్న ఈ ప్రాంతంలో వాడకు శుద్ధి చేసిన నీరు అందించే మోటారును సోలార్‌కు మార్చడం ఒకే దెబ్బకు రెండు పనులు చేస్తుంది.

భూమి దగ్గర జాగ్రత్త

2025 ఏప్రిల్ 2న కనిగిరి నియోజకవర్గం పీసీ పల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకు మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. రాష్ట్రంలో 500 ప్లాంట్లు, 65 వేల కోట్ల రూపాయల పెట్టుబడి అని చెప్పారు. ముడిసరుకు నేపియర్ గడ్డి. దాన్ని బంజరు భూముల్లో పెంచుతామన్నారు. ఉద్యోగాలు, లీజు ఆదాయం వస్తే మంచిదే. కానీ అలాంటి ప్రతిపాదన మన మండలానికి వచ్చిన రోజు బంజరు అన్న మాటను మనమే తవ్వి చూడాలి.

మన పొరుగునే ఒక పాఠం ఉంది. కర్ణాటకలో అనంతపురానికి ఆనుకుని, తెలుగు విస్తారంగా మాట్లాడే పావగడ ప్రాంతంలో సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. భూమి కొనలేదు. ఎకరానికి ఏడాదికి 21 వేల రూపాయల చొప్పున, రెండేళ్లకు 5 శాతం పెంపుతో లీజుకు తీసుకున్నారు. భూమి ఉన్న రైతుకు కరువులోనూ డబ్బు వచ్చింది. భూమి లేని కూలీకి మాత్రం వేరుశనగ పీకే పని పోయింది, మేకలు తోలే దారి మూసుకుపోయింది. లీజు పత్రంలో కూలీ పేరు ఉండదు కదా.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం పేదలకిచ్చిన భూమి చేతులు మారకుండా కాపాడటానికి తెచ్చినది. 2023 సవరణ, అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన భూములకు యాజమాన్య హక్కు ఇచ్చింది. హక్కు రావడం మంచిదే. అమ్ముకునే హక్కుతోపాటు అమ్మించే ఒత్తిడి కూడా వస్తుంది. 2006లో నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు భూ కమిటీ పేదల పేరున ఉన్న భూమి పేదల స్వాధీనంలో ఉందో లేదో చూడాలని చెప్పింది. ఆ పని ఇప్పటికీ పూర్తి కాలేదు. కాబట్టి ఏ సోలార్, గడ్డి, తోట, కార్బన్ క్రెడిట్ ప్రాజెక్టుకైనా ముందు ఇవి జరగాలి:

- డీకేటీ, సీజేఎఫ్ఎస్, పోరంబోకు, మేత భూముల జాబితాను సర్వే నంబర్లతో గ్రామసభలో చదవాలి. అడంగల్‌లో ఉన్న పేరు, పొలంలో ఉన్న మనిషి ఒకరేనా చూడాలి.
- దళితుల శ్మశానం, దానికి దారి, తాగునీటి చెరువు హద్దులు రాళ్లు పాతి తేల్చాలి.
- వాడలోనే ప్రత్యేక సమావేశం పెట్టి, ఆడవాళ్ల అభిప్రాయం విడిగా రాసుకుని, ఆ తర్వాతే గ్రామసభ తీర్మానం చేయాలి.
- లీజు కాలం, పెంపు, ప్రాజెక్టు ఆగిపోతే నేలను తిరిగి బాగుచేసి ఇచ్చే షరతు తెలుగులో రాసి ఇవ్వాలి. కార్బన్ క్రెడిట్ ఒప్పందాలు దశాబ్దాల పాటు కట్టిపడేస్తాయి. తాత వేసిన వేలిముద్ర మనవడిని బంధించకూడదు.
- భూమి లేని కుటుంబాలకు లీజు ఆదాయంలో వాటా, నిర్వహణ పనిలో ప్రాధాన్యం ఉండాలి.

వీటన్నిటికంటే మెరుగైన దారి కూడా ఉంది. 2019 నాటి పీఎం కుసుమ్ పథకంలోని ఎ-విభాగం, సబ్‌స్టేషన్‌కు దగ్గర్లో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు చిన్న ప్లాంట్లు పెట్టి డిస్కంకు కరెంటు అమ్మే వీలు కల్పించింది. వ్యక్తులే కాదు, రైతు బృందాలు, సహకార సంఘాలు, పంచాయతీలు కూడా అర్హులే. ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు చాలు. పక్కపక్కనే డీకేటీ భూములున్న పదిమంది ఎస్సీ రైతులు సంఘంగా ఏర్పడి, ఎస్సీ కార్పొరేషన్, బ్యాంకు సాయంతో ప్లాంటు పెట్టుకుంటే వాళ్లు లీజుదారులుగా కాక కరెంటు అమ్మే యజమానులుగా నిలబడతారు. పథకాల పేర్లు, గడువులు మారుతుంటాయి. మన డిమాండ్ మారకూడదు: భూమి మాది అయినప్పుడు ప్లాంటు కూడా మాదే కావాలి.

డబ్బు ఎక్కడి నుంచి?

15వ ఆర్థిక సంఘం (2021–26) గ్రామీణ స్థానిక సంస్థల నిధుల్లో 60 శాతాన్ని తాగునీరు, వాన నీటి సంరక్షణ, పారిశుద్ధ్యానికి కేటాయించాలంది. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు. నీటి మోటార్లు, చెత్త నిర్వహణ మొదటి దానిలోకి, వీధిదీపాలు రెండో దానిలోకి వస్తాయి. తర్వాతి ఆర్థిక సంఘం నిధులకూ ఇదే పద్ధతిలో పంచాయతీ ముందుగా ప్రణాళిక రాసి పెట్టుకోవాలి.

ఎస్సీ కాలనీ పనులకు 2013 నాటి ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం ఉంది. అయితే ఊరంతటికీ వేసే సోలార్ ప్లాంటును సబ్‌ప్లాన్ ఖాతాలో రాసే అలవాటును ఆపాలి. ఆ చట్టం ప్రకారం లాభం నేరుగా ఎస్సీలకు అందాలి. మొక్కలు, కుంటలు, నేల బాగుచేత ఉపాధి పనుల కింద వస్తాయి. 2005 ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఏ చట్టం కిందనైనా ఎస్సీ రైతుల సొంత భూముల్లో పనులకు ముందు వరస దక్కేలా పనుల జాబితాను గ్రామసభలోనే ఖరారు చేయించుకోవాలి. సూర్యఘర్ కింద జిల్లాకు ఒక నమూనా సోలార్ గ్రామానికి కోటి రూపాయలు ఇచ్చే అంశం ఉంది. ఆ పోటీకి వెళ్లే పంచాయతీ తన దరఖాస్తులో వాడ ఇళ్ల శాతాన్ని చూపించాలని కార్యకర్తలు పట్టుబట్టవచ్చు.

గ్రామసభలో అడగాల్సిన ప్రశ్నలు

కింది ప్రశ్నలను కాగితం మీద రాసుకుని వెళ్లండి. జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించండి. నకలు తీసుకోండి.

1. మన పంచాయతీ ఉద్గారాల లెక్క తీశారా? ఊరికి ఎంత, వాడకు ఎంత?
2. పంచాయతీ ఏడాదికి కడుతున్న కరెంటు బిల్లు ఎంత? బకాయి ఎంత? ఏ నిధి నుంచి పోతోంది?
3. వాడలో సోలార్‌కు దరఖాస్తు చేసిన ఇళ్లు ఎన్ని? తిరస్కరించినవి ఎన్ని, ఏ కారణంతో?
4. మొక్కలు నాటడానికి చూపించిన సర్వే నంబర్లు ఏవి? అక్కడ ఇప్పుడు ఎవరు సాగు చేస్తున్నారు, ఎవరి పశువులు మేస్తున్నాయి?
5. మండలానికి ఏదైనా సోలార్, బయోగ్యాస్, కార్బన్ ప్రాజెక్టు ప్రతిపాదన వచ్చిందా? భూముల జాబితా ఎవరు పంపారు?
6. పారిశుద్ధ్య కార్మికులకు ఎన్ని నెలల జీతం బాకీ ఉంది?
7. సబ్‌ప్లాన్ నిధులతో చేసిన పని వాడలో ఏ ఇంటి ముందు ఉంది?

ఈ ఏడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన పంచాయతీ నెట్ జీరో దారిలో పడినట్టే. చెప్పలేని పంచాయతీ ఎన్ని వేల మొక్కలు నాటినా, గేటుకు ఎంత పచ్చరంగు వేసినా, ఆ సున్నాలో వాడకు దక్కేదీ సున్నాయే.